చక్రావరణ ఉపసంఘం

ఒక సమాజం ఎంత నాగరికమైందో తెలుసుకోవాలంటే అక్కడి రోడ్లు చూడకూడదు, వాటి మీద తిరిగే బళ్ళూ చూడకూడదు. ఒక కారుకు టైర్లు మార్చే ముందు అక్కడ ఎన్ని సమావేశాలు జరిగాయో చూడాలి. ఈ కొలత ప్రకారం, శామీర్‌పేట దాటాక కరీంనగర్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న మా హరితవిహార్ కాలనీ (ఒక చెట్టు ఉంది, కాలనీ బోర్డు దానికే కొట్టారు) ప్రపంచంలోని అగ్రశ్రేణి నాగరికతల్లో ఒకటని చెప్పడానికి నేనేమీ మొహమాటపడను. కాలనీ సంక్షేమ సంఘానికి సంయుక్త కార్యదర్శిని. మొహమాటపడే అధికారం నిబంధనల ప్రకారం నాకు లేదు.

రెండు వేల ఐదు, ఆరు నాటి మాట. అప్పట్లో మా వైపు భూమికి పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఒక ధర ఉండేవి. రింగు రోడ్డు వస్తుందన్నారు. ఎటు నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి అన్ని వైపులా ధరలు పెరిగాయి. మా కాలనీ నిలబడ్డ నేల ఒకప్పుడు జనార్ధన్ కుటుంబానిదే. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మాలాంటి నెలజీతగాళ్ళం ఆ నేలను తలా ఒక ముక్క కొనుక్కున్నాం. చుట్టూ గోడ కట్టుకున్నాం, గేటు పెట్టుకున్నాం. ఆ గేటు దగ్గర జనార్ధన్‌నే ఆపి "ఎవరి కోసమండీ?" అని అడిగే వాచ్‌మన్‌ను కూడా పెట్టుకున్నాం. జనార్ధన్ పాపం ఎప్పుడూ కోప్పడలేదు. ఆయన పంచాయతీ ఎన్నికల్లో సర్పంచిగా నిలబడాలనుకుంటున్నాడు. గోడకు ఇవతల మా ఓట్లు చాలా ఉన్నాయి.

ఆయన చేతిలో చివరికి మిగిలింది అలియాబాద్ వైపున్న మూడెకరాల చెల్క (మేం మెట్ట అంటాం). అది వాళ్ళమ్మ బుచ్చమ్మ పేరు మీద ఉండేది. దాన్ని కూడా అమ్మి జనార్ధన్ ఒక విదేశీ కారు కొన్నాడు. పందెం గుర్రం లాంటి కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. కళ్ళు మూసి తెరిచేలోగా వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందట. మా గేటు నుంచి కరీంనగర్ రోడ్డు ఎక్కడానికి మాత్రం దానికి ఎద్దుల బండి కన్నా కాస్త ఎక్కువ సమయం పట్టేది.

ఆ కారు విషయంలో బుచ్చమ్మకు ఒకే ఒక్క కోరిక ఉంది. ఆ కోరిక వెనక ఒక కథ ఉంది, అది చెప్పకపోతే ఉపసంఘం గొప్పతనం మీకు అర్థం కాదు.

బుచ్చమ్మ పుట్టిన ఊరు కీసర. పెళ్ళయిన కొత్తలో అన్న ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికని వానలో నడిచి వెళ్ళింది. మోకాళ్ళ దాకా బురద. గడప దగ్గర వదిన శివమ్మ, చుట్టాలందరూ చూస్తుండగా, "గా కుడితి గోలెం కాడ కాళ్ళు కడుక్కోని రాపో" అంది. బర్రెలు తాగే గోలెం. బుచ్చమ్మ కాళ్ళు కడుక్కోలేదు. "మల్ల ఒస్తే కాళ్ళకు మన్నంటకుంట ఒస్త" అని వెనక్కి తిరిగింది. అన్నే అప్పుడప్పుడూ ఇటు వచ్చి చూసిపోయేవాడు. ఆ అన్న పోయిన రోజున కూడా ఆమె వీధిలోనే నిలబడి ఏడ్చి వచ్చింది, గడప తొక్కలేదు.

ఇంటి ముందుకు కారు రాగానే బుచ్చమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"దీంట్ల కూసోని కీసర పోత," అంది.

"జీపుల పోదం తియ్యమ్మా. గా తొవ్వ మంచిగ లేదు," అన్నాడు జనార్ధన్.

"జీపుల ఎందుకు పోత? గీ కారుల నా సెల్క ఉన్నది. నా సెల్కల కూసోని పోత. మా వదినె సూడాలె."

చూడాలి అన్న మాటకు గడువు ఉంది. శివమ్మకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది మసకబారుతోందని, డాక్టర్లు కూడా చేతులెత్తేశారని కీసర నుంచి వచ్చి శామీర్‌పేటలో పాలు పోసే మొగులయ్య చెప్పాడు. వదిన చూడకపోతే కారులో వెళ్ళినా నడిచి వెళ్ళినా ఒకటేనని బుచ్చమ్మ అభిప్రాయం. జనార్ధన్ మంచి రోజు చూశాడు. ఆ మంచి రోజుకు ముందురోజు, కారును ఒకసారి సరిచూసుకుందామని బయటికి తీసి, అలియాబాద్ దగ్గర ఒక గుంతలో దింపాడు. రెండు టైర్లు పక్కల నుంచి చీలిపోయాయి. ఇలాంటి కార్లకు నాలుగూ ఒకేసారి మార్చాలట.

కారు అమ్మిన షోరూం వాళ్ళు ఫోనులో మర్యాదగా ఒక ప్రశ్న అడిగారు: వేసవి టైర్లు తెప్పించమంటారా, అన్ని కాలాల టైర్లు తెప్పించమంటారా?

ఇక్కడ జనార్ధన్ ఒక పొరపాటు చేశాడు. రెండింట్లో ఏదో ఒకటి చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆయనకు చదువుకున్నవాళ్ళంటే గౌరవం. పైగా ఓట్లడగబోయే ముందు సలహా అడిగితే బాగుంటుందని కూడా అనుకున్నాడు. నేరుగా మా సంఘం అధ్యక్షులు జోగారావు గారి దగ్గరికి వచ్చాడు.

జోగారావు గారు కాకినాడ వైపు వారు. ఒక ప్రభుత్వ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. (ఏ శాఖో ఆయన చెప్పరు. ఆ శాఖ కూడా చెప్పుకోదు.) అప్పుడాయన గేటు దగ్గర పేపరు చదువుకుంటున్నారు, నేను ఆయన చదివేసిన పేజీ చదువుకుంటున్నాను.

"సార్, మీరు సదువుకున్నోళ్ళు. ఎండకాలం టైర్లు మంచియా, అన్ని కాలాలయి మంచియా? ఏదేస్తె బాగుంటది?" అని అడిగాడు జనార్ధన్.

జోగారావు గారు పేపరు మడిచారు. రిటైరైన తరవాత ఆయన ముఖంలో అంత వెలుగు నేను అదే చూడటం.

"ఇది ఇద్దరు మనుషులు గేటు దగ్గర నిలబడి తేల్చే విషయం కాదు జనార్ధన్ గారూ," అన్నారు. "రేపు ఏదైనా అయితే ఎవరు సమాధానం చెప్పాలి? మీరొక దరఖాస్తు పెట్టండి. మేం చూస్తాం."

అలా చక్రావరణ ఎంపిక ఉపసంఘం పుట్టింది. టైరు అంటే అందరికీ అర్థమైపోతుందని జోగారావు గారు చక్రావరణం అన్నారు. అధ్యక్షులు ఆయనే. భూమి సంగతులు తెలిసిన స్థానికుడు ఒకరుండాలని ప్లాట్ల వ్యాపారి వెంకటనర్సయ్యను తీసుకున్నారు. ఎన్నుకున్న రోజున ఊళ్ళో లేను కాబట్టి నన్ను కూడా తీసుకున్నారు. సాంకేతిక సలహాదారుగా జోగారావు గారి అబ్బాయి భానుతేజ చేరాడు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటర్నెట్‌లో చదివి, నాలుగు కాగితాలు ప్రింటు తీసుకుని మొదటి సమావేశానికి వచ్చాడు.

"నాన్నగారూ, ఇందులో పెద్ద విషయమేం లేదు," అన్నాడు. "వేసవి టైరంటే వేసవిలోనే వాడాలని కాదు. చలికి రబ్బరు బిగుసుకుపోని ఏ ఊళ్ళోనైనా ఏడాదంతా తిరుగుతుంది, వానలోనూ పట్టు ఉంటుంది. ఏడు డిగ్రీల కంటే చల్లబడితేనే తేడా. అన్ని కాలాల టైర్లు మంచు పడే దేశాలకి. మన ఎండకి అవి మెత్తబడిపోతాయి. వేసవివే వేయించుకోమనండి."

జోగారావు గారు కళ్ళజోడు తీసి, విచారణ మొదలవకముందే ఫలితం ప్రకటించిన సభ్యుణ్ణి ఉపసంఘంలో కొనసాగించడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధమని నెమ్మదిగా వివరించారు. భానుతేజ కాగితాలు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. అతని ముఖంలో కనిపించింది అవమానమని కొందరన్నారు. నాకైతే అది అచ్చం ఆదివారం సెలవు దొరికినవాడి ముఖంలా ఉంది.

ముందు కాలం అంటే ఏమిటో తేల్చాల్సి వచ్చింది. వేసవి అనేది ఉగాది నాడు మొదలై మృగశిర కార్తె ప్రవేశంతో ముగుస్తుందని తీర్మానించాం. కాబట్టి వేసవి టైర్లు వేయించుకుంటే మృగశిర కార్తె నాడు, చేపలు కొనుక్కోవడానికి వెళ్ళేలోగా, వాటిని విప్పేయాలి. విప్పాక మిగతా ఏడాది కారు దేని మీద నడుస్తుందన్నది ఈ దరఖాస్తు పరిధిలోకి రాదు. ఇక అన్ని కాలాలు అంటే ఎన్ని? పంచాంగం ప్రకారం ఆరు. మా కాలనీ ప్రకారం మూడే: నీళ్ళ ట్యాంకర్ల కాలం, రోడ్డు కనిపించని కాలం, జవహర్‌నగర్ చెత్తకుప్ప మీదుగా గాలి మళ్ళే కాలం. మూడో కాలంలో మనుషులే నిలబడలేరు, రబ్బరు నిలుస్తుందా? వాసనకు తట్టుకునే పరీక్షల నివేదిక పంపమని షోరూంకు ఉత్తరం రాశాం. వాళ్ళు జనార్ధన్‌కు ఫోను చేసి, కారు దేనికి వాడుతున్నారండీ అని అడిగారట.

భానుతేజ వదిలి వెళ్ళిన కాగితాల్లో అన్ని కాలాల టైరు బొమ్మ ఒకటి ఉంది. దాని పక్కన ఎం, ఎస్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. బురదలోనూ మంచులోనూ నడుస్తుందని దాని అర్థమట. అది వెంకటనర్సయ్య ఒప్పుకోలేదు.

"మేడ్చల్, శామీర్‌పేట. సాఫ్ రాసిండ్రు గద సార్. గీ రెండు మండలాలకే పర్మిషన్ ఉన్నట్టుంది," అన్నాడు.

"అయితే కీసరకి చెల్లదన్నమాట," అన్నారు జోగారావు గారు, దిగులుగా.

దానికి వేరే ఫైలు తెరిచారు. ఆ తరవాత వెంకటనర్సయ్య వాస్తు కూడా కదిపాడు. ఈశాన్యం వైపు టైరు మిగతా మూడింటికన్నా పల్లంలో ఉండాలి. కానీ కారు మలుపు తిరిగినప్పుడల్లా ఈశాన్యం మారిపోతుంది. అప్పుడు జనార్ధన్ తిన్నగా మాత్రమే నడపాలా అన్న చర్చ రెండు సమావేశాలు నడిచింది. మా వైపు తిన్నగా ఉన్న రోడ్డు ఏదీ సభ్యులకు గుర్తు రాకపోవడంతో అది వాయిదా పడింది.

చలికాలం వచ్చింది. ఏడు డిగ్రీల సంగతి అటో ఇటో తేల్చాలని జోగారావు గారు ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటరు తెచ్చి గేటుకు వేలాడదీశారు. వరసగా వారం రోజులు తెల్లారుజామున మంకీ టోపీలు పెట్టుకుని వెళ్ళి చూశాం. పాదరసం తొంభై నాలుగు గీత దగ్గర నుంచి కదలలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా నేను దాన్ని పుస్తకంలో రాశాను: శామీర్‌పేటలో పుష్యమాసం వేకువన ఉష్ణోగ్రత తొంభై నాలుగు డిగ్రీలు.

జోగారావు గారి భార్య కామేశ్వరమ్మ గారు కాఫీలు తెచ్చి ఆ లెక్క చూశారు. "మా పెళ్ళిలో మంగళసూత్రం ఏ దారంతో కట్టాలో ఈయన్ని అడగలేదు కాబట్టి సరిపోయింది," అని లోపలికి వెళ్ళారు.

ఇదంతా జరుగుతున్నన్నాళ్ళూ కారు ఎక్కడుందని మీరు అడగవచ్చు. విషయం విచారణలో ఉండగా పాత టైర్ల మీద కారు నిలబడటం విచారణను ప్రభావితం చేస్తుందని ఉపసంఘం భావించింది. నాలుగూ విప్పించి సాక్ష్యాధారాలుగా స్వాధీనం చేసుకుంది. వాటిలో ఒకటి సంఘం ఆఫీసులో ఉంది. ఒకటి పార్కులో ఉయ్యాల అయింది. మిగతా రెండూ వెంకటనర్సయ్య వెంచర్ బోర్డు గాలికి పడిపోకుండా ఆపుతున్నాయి. కారు మాత్రం జనార్ధన్ ఇంటి పక్కన, ఒకప్పుడు బర్రెల కొట్టంగా ఉన్న రేకుల షెడ్డులో, సిమెంటు ఇటుకల మీద కూర్చుంది. బుచ్చమ్మ రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచేది. తుడిచాక గేటు దగ్గరికి వచ్చి మమ్మల్ని అడిగేది.

"సారూ, తెగిందా?"

"చివరి దశలో ఉందమ్మా."

"జెర జల్దీ జెయ్యుండ్రి. మా వదినెకు ఇగ దీపం ఒక్కటే అవుపడుతాందట."

జోగారావు గారు చెడ్డవారు కారు. ఆమె మాట విని ఆయన నిజంగా బాధపడ్డారు. ఆ బాధతోనే ఫైలు మీద ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని రాశారు. అత్యవసరమైన ఫైళ్ళను ఉపసంఘం చూడకూడదు, సర్వసభ్య సమావేశం పిలవాలి. దానికి ఒక నెల ముందుగా నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చాం. కోరం చాలలేదు.

జనార్ధన్ ఒకసారి మాత్రం తెగించాడు. "సార్, ఏదో ఒకటి నేనే తెప్పిచ్చుకుంట," అన్నాడు.

"తెప్పించుకోండి. కాలనీ మాట వినని మనిషి అని రేపు ఎవరైనా అంటే మమ్మల్ని అనకండి," అన్నారు జోగారావు గారు, ఏ చెడు ఉద్దేశమూ లేకుండా.

ఎన్నికలు దగ్గరికి వచ్చాయి. జనార్ధన్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజుల్లో ఆయన తల్లి ఎదురుగా కూర్చుని అన్నం తినడం మానేశాడని తరవాత తెలిసింది.

ఇలా మళ్ళీ వానలొచ్చాయి. మృగశిర దాటిన నాలుగైదు రోజులకు, రాత్రంతా కురిసి తెరిపిచ్చిన ఒక పొద్దున, జోగారావు గారూ నేనూ స్థల పరిశీలనకు షెడ్డుకు వెళ్ళాం. అప్పటికే అక్కడ మనుషులున్నారు. మొగులయ్య చెయ్యి పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎటూ చూడటం లేదు.

"కారు నా కాడికి రాకపాయె. నేనే కారు కాడికొచ్చిన," అంటోంది శివమ్మ.

బుచ్చమ్మ చాలాసేపు ఆమె కళ్ళ వంకే చూసింది. ఏడాదిపాటు రోజూ తుడిచిన కారు అది. అది చూడాల్సిన కళ్ళు అవి. నాకు అక్కడి నుంచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేకపోయాను.

"లోపట కూసో వదినె," అంది బుచ్చమ్మ చివరికి.

"కాళ్ళకు మన్నున్నదే."

"ఉండనియ్. సెల్కల మన్ను లేకపోతె ఎట్ల?"

తెల్లటి తోలు సీటు మీద శివమ్మను కూర్చోబెట్టింది. బుచ్చమ్మ అటు తిరిగి వచ్చి స్టీరింగు వెనకాల తను కూర్చుంది. కొడుకు వైపు చూసి తల ఊపింది. జనార్ధన్ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది. రేకులు వణికాయి.

"కదిలిందా?" అంది శివమ్మ.

"కదిలింది."

"ఎవలు నడుపుతున్రు?"

"నేనే."

"నీకెప్పుడొచ్చిందే?"

"సెల్క నాది గాదా," అంది బుచ్చమ్మ.

మేం నలుగురం రేకుల కింద నిలబడి చూస్తున్నాం. ఇటుకల మీద కారు అంగుళం కూడా కదల్లేదు. లోపల ఇద్దరు ముసలమ్మలు ముందుకు చూస్తూ కూర్చున్నారు.

"ఏడిదాంక ఒచ్చినం?"

"అలియాబాద్ దాటినం."

"గుంతలు తెలుస్తనే లేవు."

"టైర్లు మంచియి వదినె."

శివమ్మ గాల్లో తడుముతూ బుచ్చమ్మ చెయ్యి దొరకబుచ్చుకుంది.

"ఆ దినం నేను గట్ల అనకపోయేది ఉండె, బుచ్చమ్మా."

"ఏ దినం?" అంది బుచ్చమ్మ. "నాకు యాదికి లేదు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉపసంఘ సభ్యుడు చేయదగిన పని కాదు. జోగారావు గారు కూడా ముక్కు చీదుకున్నారు. కానీ ఆయనకు కర్తవ్యం ముఖ్యం. ఇంజను ఆగగానే కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, ప్రయాణం ఎలా ఉంది? కుదుపులేమైనా తెలిశాయా?"

"ఒక్క కుదుపు లేదు సారూ," అంది శివమ్మ. "గిసొంటి కారు నా బతుకుల ఎక్కలే."

ఆయన రాసుకున్నారు. శివమ్మ కారు దిగి, దాన్ని పట్టుకుని మెల్లగా ముందుకు నడిచింది. చక్రం ఉండాల్సిన చోట ఆమె చెయ్యి ఆగింది. వంగి ఇటుకలను తడిమింది. పక్కనే ఉన్న జనార్ధన్‌తో, వెనక దిగుతున్న బుచ్చమ్మకు వినపడకుండా, "మీ అమ్మకు చెప్పకు బిడ్డా. పోయినట్టే ఉండనియ్," అంది.

తిరుగు ప్రయాణానికి మొగులయ్య లేడు, పాల వేళైందని వెళ్ళిపోయాడు. జీపు తీస్తానన్నాడు జనార్ధన్. శివమ్మ వద్దంది, ఆటోలోనే పోతానంది. బుచ్చమ్మ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది.

"కండ్లు అవుపడనిదాన్ని ఒక్కదాన్నే ఎట్ల పంపుదు? నేను తోల్కపోత," అంది.

ఆ బురదలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డు దాకా నడిచారు. సెవెన్ సీటరు ఆటో (ఏడుగురు డ్రైవరు పక్కనే కూర్చుంటారు కాబట్టి ఆ పేరు) ఆగింది, ఇద్దరినీ ఎక్కించుకుంది. దాని టైర్లు ఏ కాలానివో మాలో ఎవరం అడగలేదు. బుచ్చమ్మ మట్టికాళ్ళతోనే అన్న ఇంటి గడప తొక్కిందని, ఆ వానాకాలమంతా వదిన దగ్గరే ఉండిపోయిందని మొగులయ్య చెప్పాడు.

మరుసటి ఆదివారం ఉపసంఘం తుది నివేదిక ఇచ్చింది. దరఖాస్తుదారు తల్లి కీసర చేరినట్టు విశ్వసనీయంగా తెలిసినందున టైర్ల అవసరం తీరిపోయిందని, ఫైలు మూసివేయడమైనదని అందులో ఉంది. వేసవి టైర్లతో గానీ, అన్ని కాలాల టైర్లతో గానీ ఈ రోడ్ల మీద సాధ్యం కాని సుఖప్రయాణం టైర్లు లేకుండా సాధ్యమైందని కూడా ఉంది. దానికి ఆధారంగా శివమ్మ వాంగ్మూలం జతచేశారు. జోగారావు గారు స్వయంగా కీసర వెళ్ళి వేలిముద్ర వేయించుకొచ్చారు. ఆ ముద్ర పక్కన తన గుండ్రటి చేతిరాతతో రాశారు: ప్రత్యక్ష సాక్షి.